ప్యాకింగ్ హాల్లో రెండు పైథాన్లు

నేను పనిచేసిన ఫ్యాక్టరీలో మాత్రలు తయారయ్యేవి. పటాన్‌చెరు దాటి, హైవే వదిలి కొంత లోపలికి పోతే వచ్చే షెడ్లలో అదొకటి. అక్కడ నా పని కంప్యూటర్లు చూసుకోవడం. చేరిన రోజు నుంచి దిగిపోయిన రోజు దాకా కుర్చీ పేరు చాలాసార్లు మారింది, పని మాత్రం మారలేదు. ఎక్కడ ఏది ఆగిపోతే అక్కడికి పోయి దాన్ని నడిపించాలి. ఆగిపోకుండా తప్పుగా నడుస్తున్నదాన్ని పట్టుకోవడం కూడా నా పనేనని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు మేముండేది అమీన్‌పూర్‌లో. పొద్దున లిఫ్టులో దిగుతుంటే మెడలో కార్డులు వేసుకున్న పిల్లలే కనిపిస్తారు. అందరూ హైదరాబాద్ ఆఫీసులకు పోయేవాళ్లు కాదు, కొందరు మా వైపు ఫ్యాక్టరీలకే వస్తున్నారు. "ఆంటీ, మందుల కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని ఏముంటది?" అని అడుగుతారు. లిఫ్టు కిందికి చేరేలోపు చెప్పగలిగే జవాబు కాదు. అందుకే ఇట్లా రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి, ఆడిట్ల సంగతి రాయను. అవి ఎవరైనా చెబుతారు. ఒక్క కంప్యూటర్ గురించీ, దాని వల్ల మాకు దూరమైన ఒక మనిషి గురించీ రాస్తాను.

పాతది ఎక్కడికీ పోదు

కాలేజీలో ఒక భాష నేర్పితే, ప్రపంచమంతా ఆ భాష ఒక్కటే వెర్షన్‌లో ఉన్నట్టు నేర్పుతారు. పైథాన్ అంటే పైథాన్, అంతే. ఫ్యాక్టరీలో అట్లా కుదరదు. ఒక యంత్రం కొన్నప్పుడు దానితోపాటు ఒక ప్రోగ్రాం వస్తుంది. ఆ యంత్రం ఏళ్ల తరబడి నడుస్తుంది. బయట భాష మారిపోతుంది, యంత్రం మారదు. దాన్ని మార్చే ధైర్యం ఎవరికీ ఉండదు. కాబట్టి పాతదాని పక్కనే కొత్తది వచ్చి కూర్చుంటుంది.

మా ప్యాకింగ్ హాల్లో అట్టడబ్బాల మీద అంటించే చీటీలు అచ్చువేసే ప్రోగ్రాం ఒకటి ఉండేది. నాకంటే ముందు పనిచేసి వేరే ఊరు వెళ్లిపోయిన ఒకాయన దాన్ని పైథాన్ రెండో వెర్షన్‌లో రాశాడు. శుభ్రంగా రాశాడు, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. యంత్రం మాత్రల పట్టీలు లెక్కపెట్టి మొత్తం ఎన్నో చెబుతుంది. ప్రోగ్రాం ఆ మొత్తాన్ని డబ్బాకు పట్టే సంఖ్యతో భాగించి, నిండు డబ్బాలు ఎన్నయితే అన్ని చీటీలు అచ్చువేస్తుంది. మిగిలిన పట్టీలకు 'లూజు' అని వేరే చీటీ. ఎన్నో ఏళ్లు ఆ ప్రోగ్రాం గురించి ఎవరూ మాట్లాడుకోలేదు. ఫ్యాక్టరీలో ఒక ప్రోగ్రాంకు అంతకంటే మంచి పేరు ఉండదు.

తర్వాత అదే హాల్లోకి పట్టీల బరువు చూసే కొత్త తూకం యంత్రం వచ్చింది. దాని ప్రోగ్రాం పైథాన్ మూడో వెర్షన్‌లో తప్ప నడవదు. దానికి వేరే కంప్యూటర్ కావాలని మా ప్లాంట్ హెడ్ ప్రభాకర్ గారిని అడిగాను.

"ఉన్న కంప్యూటర్‌లో జాగా లేదా?" అన్నారు.

"జాగా ఉంది సార్. కానీ..."

"ఉంటే అందులోనే పెట్టేయండి. హాల్లో ఇంకో టేబుల్ ఎక్కడ వేస్తాం?"

ఇంకోసారి అడిగాను. అదే జవాబు. ఆయన అన్నదాంట్లో సాంకేతికంగా తప్పేమీ లేదు. ఒక కంప్యూటర్‌లో ఒకే భాష రెండు వెర్షన్లు హాయిగా ఉండొచ్చు. వేరువేరు ఫోల్డర్లలో ఉంటే ఒకదాని సంగతి ఇంకోదానికి పట్టదు. చిక్కంతా పేరు దగ్గర వస్తుంది.

ఒట్టి పేరుతో పిలిస్తే

మా చిన్నప్పుడు మా గల్లీలో ఇద్దరు మల్లయ్యలు ఉండేవాళ్లు. మా నాన్న వాకిట్లో నిలబడి "మల్లయ్యా" అని పిలిస్తే దగ్గర ఎవరుంటే వాళ్లు పలికేవాళ్లు. కంప్యూటర్ కూడా అట్లాగే. 'పైథాన్' అని ఒట్టి పేరుతో పిలిస్తే, ఎక్కడెక్కడ వెతకాలో దానికొక వరుస ఉంటుంది. ఆ వరుసలో ముందు ఎవరు కనిపిస్తే వాళ్లే వచ్చి పని చేస్తారు. కొత్త వెర్షన్‌ను ఎక్కించేటప్పుడు, నన్ను ఆ వరుసలో ముందు పెట్టమంటావా అని అది ఒక మాట అడుగుతుంది. చిన్న గడి, అందులో ఒక టిక్కు. పెడితే ఆ రోజు నుంచి పాత ప్రోగ్రాములన్నీ తమకు తెలియకుండానే కొత్తవాడి చేతికి పోతాయి.

దీనికి మందు కష్టమేమీ కాదు. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. ప్రోగ్రాంను నడిపించేటప్పుడు ఒట్టి పేరు వాడకండి, ఏ ఫోల్డర్‌లోని ఏ పైథానో పూర్తి చిరునామా రాయండి. ఒక్కో పనికి దాని సొంత గది కట్టండి. దాని వెర్షన్, దాని సామాను ఆ గదిలోనే ఉండాలి. ఇప్పుడు అట్లాంటి గదులు చిటికెలో కట్టే ఏర్పాట్లు ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యం, ప్రోగ్రాం మొదలవుతూనే నన్ను నడిపిస్తున్నది ఏ వెర్షన్ అని చూసుకోవాలి. తనది కాకపోతే అక్కడే ఆగిపోవాలి. రెండు వరుసల పని. ఆ రెండు వరుసలు మా చీటీల ప్రోగ్రాంలో లేవు.

తూకం యంత్రం బిగించే వారం నేను సెలవులో ఉన్నాను. మా నాన్నకు ఆపరేషన్, సంగారెడ్డి ఆసుపత్రిలో ఆయన పక్కనే ఉన్నాను. నా సెక్షన్‌లో కొత్తగా చేరిన నవీన్ అనే కుర్ర ఇంజనీరు కొత్త వెర్షన్ ఎక్కించాడు. గడిలో టిక్కు పెట్టాడు. తూకం యంత్రం వాళ్లు ఇచ్చిన సూచనల్లో పెట్టమనే ఉంది. చీటీల ప్రోగ్రాం ఒట్టి పేరుతో పిలుస్తుందని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లం చాలామందిమి ఉన్నాం, అందులో నేనూ ఉన్నాను.

యాదగిరన్న

సరుకు లారీల్లోకి ఎక్కించే విభాగానికి సూపర్‌వైజర్ యాదగిరి. ఫ్యాక్టరీ పక్క ఊరి మనిషి. వాళ్ల కుటుంబం అక్కడ జొన్నలు, కందులు పండించిన నేలలో ఒక ముక్క మా ఫ్యాక్టరీ ప్రహరీ లోపల ఉండేది. షెడ్డు ఒక్కటే ఉన్న రోజుల్లో పనికి చేరాడు. నాకంటే పెద్దవాడు. నేను చేరిన కొత్తలో ఆడవాళ్లం ఇద్దరమో ముగ్గురమో ఉండేవాళ్లం. కంపెనీ బస్సు తప్పిపోయిన ఒక సాయంత్రం నేను గేటు దగ్గర బిక్కమొహం వేసుకొని నిలబడితే, వాళ్ల ఊరి ఆటోను పిలిపించి, "చెల్లెను ముత్తంగి చౌరస్తాల బస్సెక్కిచ్చి రా" అని డ్రైవరుకు చెప్పాడు. అప్పటి నుంచి నేను ఆయనకు చెల్లెనే, ఆయన నాకు అన్నే.

లారీ కదిలేముందు చివరి డబ్బాను అరచేత్తో ఒకసారి తట్టడం ఆయనకు అలవాటు. ఎందుకన్నా అట్లా అని అడిగితే నవ్వి, "పోయిరా అని చెప్తున్న" అనేవాడు.

నేను సెలవులో ఉండగానే మా సరుకు దిగే ముత్తంగి గోడౌన్ నుంచి కబురు వచ్చింది. నిండు డబ్బా అని చీటీ ఉన్నవాటిలో కొన్ని సగమే ఉన్నాయని. మొదట ఒక లోడులో, తర్వాత ఇంకో లోడులో. మందు ఖరీదైనది. డబ్బా ప్యాకింగ్ హాల్లో నిండుగా బయల్దేరినట్టు కంప్యూటర్ చెబుతోంది. దారిలో తాకేది యాదగిరి మనుషులు. కంప్యూటర్‌ను అనుమానించాలని ఎవరికీ తోచలేదు. అది మా ఫ్యాక్టరీ ఒక్కదాని జబ్బు కాదు.

గేటు దగ్గర జరిగింది నేను చూడలేదు. నలుగురు వేరువేరుగా చెప్పగా విన్నాను, అందరూ ఒకటే చెప్పారు. షిఫ్టు విడిచే వేళ, వందమంది వరుసలో ఉండగా, సెక్యూరిటీ అతను యాదగిరన్నను పక్కకు పిలిచాడు.

"అన్నా, బ్యాగు జెర ఖాళీ చేసి చూపియ్యి."

"రోజు చూస్తనే ఉంటివి గదరా. ఇయ్యాల ఏందిర కొత్తగ?"

"సార్ చెప్పిండన్నా. అన్నీ బయట పెట్టమన్నడు."

టేబుల్ మీద టిఫిన్ డబ్బా, తువాలు, కళ్లజోడు పెట్టె, మనవరాలి కోసం కొన్న రంగు పెన్సిళ్లు. అంతే. ప్రభాకర్ గారు నాలుగడుగుల దూరంలో నిలబడి చూస్తున్నారు. యాదగిరన్న ఆయన వైపు తిరిగి అడిగాడట: "సార్, నేను దొంగనా?"

"నేను ఆ మాట అనలేదు. విచారణ అయ్యేదాకా పనికి రావద్దు, అంతే."

ఆయన సామాను ఒక్కొక్కటే తిరిగి సంచిలో పెట్టుకుంటుంటే వరుసలో ఉన్నవాళ్లంతా వేరే దిక్కు చూశారట. సిగ్గుతో చూడలేదని నాకు చెప్పినవాళ్లు అన్నారు. కావచ్చు. కానీ తల తిప్పుకున్న మనిషి సిగ్గుపడుతున్నాడో అసహ్యించుకుంటున్నాడో చూసేవాడికి ఎట్లా తెలుస్తుంది?

చప్పుడు చేయని తప్పు

సెలవు ముగించుకొని వచ్చేసరికి ఇదీ పరిస్థితి. నాలుగు రోజులు గడిచాయో లేదో, యాదగిరి లేని లోడులో కూడా సగం డబ్బా ఒకటి తేలింది. "ముఠా ఇంకా లోపలే ఉన్నట్టుంది" అన్నారు ప్రభాకర్ గారు. మనిషి మారినా తప్పు మారలేదంటే తప్పు మనిషిది కాదు.

హాల్లోకి పోయి చీటీల కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ప్రోగ్రాంను నడిపిస్తున్నది ఏ వెర్షనో చూస్తే మూడు అని చూపించింది. మామూలుగా అయితే రెండో వెర్షన్‌లో రాసింది మూడో దాని కింద నడవదు. మొదటి వరుసలోనే అరిచి ఆగిపోతుంది. అచ్చువేయమనే మాట రాసే తీరే మారిపోయింది కాబట్టి. అరిచి ఆగిపోయే తప్పు మంచి తప్పు. ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, మనం పోయి బాగుచేస్తాం. కానీ ఈ ప్రోగ్రాం రాసినాయన ముందుచూపున్న మనిషి. కొత్త తీరుకు కూడా సరిపోయేట్టు అలవాటుగా రాసుకున్నాడు. అందుకే అది అరవలేదు. ఆయన మంచి అలవాటే మా కొంప ముంచింది.

మారింది ఒక్క భాగహారం. రెండో వెర్షన్‌లో పూర్తి సంఖ్యను పూర్తి సంఖ్యతో భాగిస్తే జవాబు కూడా పూర్తి సంఖ్యే, మిగిలిన భిన్నాన్ని అది వదిలేస్తుంది. మూడో వెర్షన్ వదలదు, రెండున్నర ఉంటే రెండున్నర అనే చెబుతుంది. ఆ భిన్నం వల్ల, పట్టీలు మిగిలిన ప్రతిసారీ నిండు డబ్బా చీటీ ఒకటి ఎక్కువగా అచ్చవుతోంది, మిగిలిందేమీ లేదని లెక్క తేలి లూజు చీటీ రావడం లేదు. చీటీ వచ్చింది కాబట్టి హాల్లో దాన్ని లూజు డబ్బాకు అంటిస్తున్నారు. పట్టీలు సరిగ్గా సరిపోయిన రోజున ఏ తేడా లేదు. అందుకే కొన్ని లోడ్లలో కనిపించి కొన్నింట్లో కనిపించలేదు.

పాత పట్టీల మొత్తాలు తీసుకొని రెండు వెర్షన్లలోనూ నడిపించి చూశాను. గోడౌన్ వాళ్లు చెప్పిన ప్రతి సగం డబ్బా అక్కడ దొరికింది. కారణం దొరికిన సంతోషం ఒక్క నిమిషం కూడా లేదు.

మంటకు భయపడని మనిషి

ప్రభాకర్ గారి గురించి నిజం రాయాలి. చెడ్డవాడు కాదు. ఒకసారి మండే ద్రావకాలు దాచే సాల్వెంట్ షెడ్డులో మంట లేస్తే, లోపల ఎవరూ మిగల్లేదని తేలేదాకా బయటికి రాని మనిషి ఆయన. జుట్టు చివర్లు కాలి వచ్చారు. అట్లాంటి ధైర్యం నేను ఇంకెవరిలోనూ చూడలేదు. అందుకే తర్వాత జరిగింది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అంతా చూపించాను. ఓపికగా చూశారు.

"అంటే యాదగిరి తీయలేదు."

"ఎవరూ తీయలేదు సార్. ఆ డబ్బాలు ఎప్పుడూ నిండనే లేదు."

"ఇది నవీన్ చేసిన పని కదా?" అన్నారు.

"నవీన్ వాళ్లిచ్చిన సూచనల ప్రకారం ఒక టిక్కు పెట్టాడు సార్. ఆయన్ని పంపి ఇతన్ని తెచ్చి అక్కడే నిలబెడదామా?"

ఇంక ఆ మాట ఎత్తలేదు. కంప్యూటర్ బాగైంది. చీటీలకు దాని పాత పైథాన్ పూర్తి చిరునామాతో, తూకానికి దాని కొత్త పైథాన్ దాని గదిలో. కొన్నాళ్లకు రెండో కంప్యూటర్ కూడా వచ్చింది. టేబుల్‌కు జాగా ఎట్లా దొరికిందో నేను అడగలేదు.

యాదగిరన్నకు ఒక కాగితం పంపారు. 'సాంకేతిక కారణాల వల్ల ఏర్పడిన వ్యత్యాసం అని తేలినందున' మళ్లీ పనికి రావచ్చని. ఆయన వచ్చాడు, ఆఫీసు గదికి. నేను అక్కడే ఉన్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చాడు, కూర్చోమంటే కూర్చోలేదు.

"సార్, పనికొస్త. ఒక్కటే అడుగుత. గేటు కాడ, షిఫ్టు విడిచే టైముల, అందరి ముంగట ఒక్క మాట చెప్పున్రి. యాదగిరి తియ్యలేదని. గంతే."

"నిన్ను మళ్లీ తీసుకుంటున్నాం అంటేనే ఆ మాట చెప్పినట్టు కదా యాదగిరీ."

"గట్ల సమజ్ కాదు సార్. మాఫ్ చేసి తీస్కున్నరు అనుకుంటరు."

"అందరి ముందూ చెబితే మేనేజ్‌మెంట్ తప్పు ఒప్పుకున్నట్టు అవుతుంది. రేపు ఇంకొకరు ఇంకోటి అడుగుతారు."

యాదగిరన్న ఒక దండం పెట్టి బయటికి నడిచాడు, మళ్లీ పనికి రాలేదు. ఆయన పోయాక, గేటు దగ్గర నేను చెబుతానని ప్రభాకర్ గారితో అన్నాను. "మీరు చెప్పినా మేము చెప్పినట్టే. వద్దు" అన్నారు. ఊరుకున్నాను. మంటలోకి పోయిన మనిషికి వందమంది ముందు ఒక్క వాక్యం చెప్పడం ఎందుకంత కష్టమైందో ఎన్నిసార్లు ఆలోచించినా నాకు తెలియలేదు. పై ఉద్యోగానికి పోయేవాళ్లకు నేను చెప్పేది ఇదే. తప్పు ఎంత పెద్ద గొంతుతో మోపామో అది కాదని అంత పెద్ద గొంతుతో చెప్పాలి. కవరులో పెట్టి పంపేది కాదు అది.

ఆ వారమే యాదగిరన్న వాళ్ల ఊరికి పోయాను, జరిగింది కూర్చొని చెబుదామని. ఆయన చెప్పులు గడప దగ్గరే ఉన్నాయి. ఆయన భార్య అంజమ్మ వదిన తలుపు సగం తీసి, "ఇంట్ల లేడు వదినా" అంది. ఆమె నన్ను లోపలికి రమ్మనలేదు. అట్లా అనకపోవడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. తిరిగి వచ్చేశాను.

నవీన్ సంగతి

నవీన్‌ను కాపాడాననుకున్నాను. ఉద్యోగం అయితే నిలిచింది. కానీ చేరిన కొత్తలో ఏ యంత్రం కనిపించినా మూత తీసి చూసే కుర్రవాడు, ఆ తర్వాత ప్రతి చిన్నదానికీ "మేడం, ఇది నొక్కొచ్చా?" అని అడగడం మొదలుపెట్టాడు. మొదట జాగ్రత్త నేర్చుకున్నాడని సంతోషించాను. అది జాగ్రత్త కాదు, భయం. ఒకసారి క్యాంటీన్‌లో అన్నాడు: "మేడం, యాదగిరి అంకుల్ నాకు కూడా రోజూ నమస్తే పెట్టేటోడు. నా కంటే పెద్దోడు, ముందుగాల ఆయనే పెట్టేటోడు." ఆ తర్వాత కంచం పక్కకు జరిపి లేచిపోయాడు. ఏడాది తిరగకముందే హైదరాబాద్‌లో వేరే ఉద్యోగం చూసుకున్నాడు, యంత్రాలతో పనిలేని ఉద్యోగం. మంచి ఇంజనీరు. అతని చేతికి రావాల్సిన పని అతనికి రాలేదని నాకు ఇప్పటికీ బాధ.

నేను మాత్రం ఈ కథను చాలామందికి చెప్పాను. ఆడిటర్లకు బొమ్మలు గీసి చెప్పాను. కొత్తగా చేరిన ప్రతి బ్యాచికీ చెప్పాను, యాదగిరి పేరు లేకుండా, వెర్షన్ల మీద పాఠంగా. పాఠం చాలా బాగుంటుందని అనేవాళ్లు.

ముత్తంగిలో

ఉద్యోగం నుంచి దిగిపోయిన మరుసటి ఏడు సంగారెడ్డిలో చుట్టాల ఇంట్లో ఒక శుభకార్యానికి పోయి వస్తూ, బస్సు మారడానికి ముత్తంగి చౌరస్తాలో దిగాను. రింగ్ రోడ్డు కింద లారీల రొద. "చెల్లె" అని ఎవరో పిలిచారు. ఎన్నో ఏళ్లుగా ఆ పిలుపు వినలేదు. తిరిగి చూస్తే యాదగిరన్న. జుట్టు పూర్తిగా తెల్లబడింది, మనిషి సన్నబడ్డాడు. అక్కడే ఒక గోడౌన్‌లో వచ్చే సరుకు చూసుకునే పని చేస్తున్నానని చెప్పాడు.

పక్కన చాయ్ హోటల్‌లో కూర్చున్నాం. నా రిటైర్మెంటు, మా నాన్న పోయిన సంగతి, ఆయన మనవరాలు డిగ్రీలో చేరిన సంగతి మాట్లాడుకున్నాం. నేను ఎన్నో ఏళ్లుగా మనసులో పెట్టుకున్న మాట ఒకటి అందామనుకునేంతలో ఆయనే అందుకున్నాడు.

"కలిసినోళ్లంత ఒక్కటే అంటరు చెల్లె. నువ్వు గసొంటోనివి కాదని మాకు ముందుగాలనే ఎరుకే అన్నా, అంటరు. ఎరుకైనోళ్లు గిందరుంటే, గా దినం గేటు కాడ నిలవడ్డోళ్లు ఎవ్వలో మరి."

నేను అనబోయింది ఆ మాటే. చాయ్‌తో పాటు మింగేశాను.

"నాకొక్కటి సమజ్ చెయ్యి" అన్నాడు. "గా డబ్బాలు ఎట్ల తక్కువైనయ్? సాంకేతిక కారణం అని రాసిన్రు కాయితంల. గదేందో ఎవ్వలు చెప్పలే. నువ్వు ఇంటికొచ్చిననాడు నేను లోపట్నే ఉన్న. పానం మంచిగ లేకుండె, మాట్లాడబుద్ధి కాలే. తర్వాత ఎవ్వల్నడగాలె?"

ప్లేటులో బిస్కట్లు ఉన్నాయి. హోటలతన్ని ఇంకొన్ని అడిగి పది చేశాను. మూడు సాసర్లు ముందు పెట్టాను.

"అన్నా, ఇవి పట్టీలు అనుకో. ఒక్కో సాసర్ల నాలుగు పడితే నిండినట్టు. పదింటికి ఎన్ని నిండుతయ్?"

"రెండు. ఇగ రెండు బిస్కట్లు మిగుల్తయ్."

"పాత పైథాన్ గట్లనే చెప్పేది. రెండు అని. రెండు చీటీలు కొట్టి ఆగేది. మిగిలినయి లూజు. కొత్తది వచ్చినంక దాన్నే అడిగితే, రెండు కాదు, రెండున్నర అన్నది."

"గది తప్పెట్లయితది? రెండున్నరనే గద."

"తప్పు కాదన్నా. కని చీటీలు కొట్టేది ఎట్ల కొడ్తది? రెండున్నరకు చేరేదాంక కొట్టు అని రాసి ఉన్నది. ఒకటి కొట్టింది. రెండు కొట్టింది. రెండున్నర అయిందా?"

"కాలే."

"అందుకే ఇంకొకటి కొట్టింది."

మాట్లాడుతూ నేను పేర్చిన సాసర్లలో మూడోదాంట్లో రెండు బిస్కట్లే ఉన్నాయి. ఆయన వాటి వైపు చూశాడు. మొదటి రెండు సాసర్ల వైపు చూశాడు. మళ్లీ మూడోదాని వైపు చూశాడు.

"గిది నిండింది అని చీటీ వచ్చింది."

"వచ్చింది."

"హాల్ల పోరగాండ్లు అంటువెట్టిన్రు."

"అంటించిన్రు. నువ్వు లారీల ఎక్కించినవ్."

"గింతేనా?"

"గింతే అన్నా."

"గింత చిన్నదా చెల్లె?" అన్నాడు. "నేనేదో పెద్దది అనుకున్న. నాకు సమజ్ కానిదేదో అనుకున్న. గందుకే చెప్తలేరు అనుకున్న. గిది గా దినమే చెప్పుంటే నాకు సమజ్ కాకపోవునా?"

ఆడిటర్లకు గీసిన బొమ్మలు గుర్తొచ్చి తల దించుకున్నాను.

ఆయన జేబులోంచి ఫోను తీశాడు. అంజమ్మ వదిన నంబరు నొక్కి చెవికి పెట్టుకున్నాడు. "ఏయ్, నేనే. పనిల ఉన్నవా? ఇను. గా ఫ్యాక్టరీ సంగతి. ఎట్లయిందో దొరికింది. చీటీలు కొట్టే మిషిన్ ఒక చీటీ ఎక్కువ కొట్టిందట... ఆఁ, గంతేనట... సుజాత చెల్లె కలిసింది, ఆమెనే చెప్పింది..." అవతలి మాట విన్నాడు. తర్వాత ఫోనును అరచేత్తో మూసి నా వైపు జరిపాడు.

"జెర నువ్వే చెప్పు చెల్లె."

"నువ్వు చెప్పినవ్ గదన్నా."

"నేను ఇన్నేండ్ల సంది చెప్తనే ఉన్న. నేను తియ్యలేదే అంటె, సరే అంటది. ఎప్పుడన్నా సరే అనే అంటది. అవును అని ఒక్కసారన్న అనలే."

ఫోను తీసుకున్నాను. "వదినా, నేను సుజాతను" అన్నాను. "అన్న ఏం తియ్యలే. ఎవ్వలు ఏం తియ్యలే. కంప్యూటర్ తప్పు చేసింది. నేను నా కండ్లతోని చూసిన."

ఫోన్ కట్ అయిందేమోనని చూశాను, కాలేదు.

"నిజంగనా వదినా?" అంది మెల్లగా.

"నిజం."

"ఒక్కసారి ఆయనకియ్యి."

ఇచ్చాను. యాదగిరన్న ఫోను చెవికి పెట్టుకొని లేచి, లారీలు పోతున్న రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. నాకు ఆయన వీపు మాత్రమే కనిపిస్తోంది. ఆమె ఏదో చెబుతున్నట్టుంది. ఆయన "ఆఁ" అంటున్నాడు. మళ్లీ "ఆఁ" అంటున్నాడు. నా బస్సు వచ్చి ఆగింది, పోయింది. నేను ఎక్కలేదు.